ముందు వాళ్ళ ఎస్సార్లు తెప్పించుకో తల్లీ

అమ్మాయీ,

నువ్వు ఎంపీడీఓగా ఛార్జి తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పిన దగ్గర్నుంచీ ఇక్కడ అందరికీ పండగే. అయితే మొన్న మాటల మధ్యలో నువ్వన్నది నా మనసులో ఉండిపోయింది. "స్టాఫ్‌కి పనిమీద ఆసక్తి లేదు పెదనాన్నా. బాగా చేసేవాళ్ళు వేరే పరీక్షలు రాసుకుని వెళ్ళిపోతున్నారు. ఉన్నవాళ్ళేమో రోజు గడిస్తే చాలన్నట్టు ఉన్నారు" అన్నావు. కుర్చీలో కూర్చున్న కొద్దిరోజులకే ఈ మాట నీ నోట వచ్చిందంటే నీకు పట్టిందన్నమాట. పట్టనివాళ్ళకు ఇది ఏళ్ళు గడిచినా కనపడదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మండల పరిషత్తుల్లోనూ జిల్లా పరిషత్తులోనూ పనిచేసి రిటైరైనవాడిగా, అంతకంటే నీ పెదనాన్నగా చెబుతున్న మాటలివి.

జీతం నీ చేతిలో లేదు. పీఆర్సీ ఎప్పుడు వేస్తారో, డీఏ ఎప్పుడు వదులుతారో, బదిలీల మీద నిషేధం ఎప్పుడు ఎత్తేస్తారో నీకూ పేపర్లోనే తెలుస్తుంది. ప్రమోషన్ ఛానల్ నువ్వు కల్పించలేవు. ప్రైవేటు కంపెనీలో మేనేజరైతే మంచి పనివాణ్ణి నిలుపుకోవడానికి జీతం పెంచుతాడు, నీకు వంద రూపాయలు పెంచే అధికారం లేదు. ఇదంతా చూసి కొంతమంది అధికారులు "మనమేం చేయగలం" అని ఊరుకుంటారు. ఇంకొంతమంది ఇక భయపెట్టడమే దారి అనుకుని మెమోలు మొదలుపెడతారు. నువ్వు ఈ రెండు దార్లూ పట్టొద్దు. నీ చేతిలో ఒక పెద్ద సంగతి ఉంది. నీ సిబ్బంది సర్వీసు పని: వాళ్ళ ఇంక్రిమెంటు, వాళ్ళ సెలవు, వాళ్ళ మెడికల్ బిల్లు, వాళ్ళ ఎస్సార్‌లో, అంటే సర్వీసు రిజిస్టరులో, పడాల్సిన ఎంట్రీ. ఊళ్ళోవాళ్ళ అర్జీ ఎంత ముఖ్యమో మన ఆఫీసువాళ్ళ అర్జీ అంతే ముఖ్యం. నా సర్వీసంతా చూసి నేను తేల్చుకున్నది ఇదే. మిగతావన్నీ దీని వెనక వచ్చేవే.

అసలు నీ కింద పనిచేస్తున్న గ్రామ సచివాలయాల పిల్లలెవరో ఒకసారి ఆలోచించు. 2019 అక్టోబరు 2న కరపలో ఆ వ్యవస్థ మొదలైంది. రాష్ట్రమంతా 15,004 సచివాలయాలు, లక్షకు పైగా కొత్త ఉద్యోగాలు. బీటెక్‌లు, అగ్రికల్చర్ చదివినవాళ్ళు, ఎంసీఏలు, నర్సింగు చేసినవాళ్ళు పోటీ పరీక్ష రాసి వచ్చారు. నెలకు 15,000 రూపాయలు, రెండేళ్ళ ప్రొబేషన్ అన్నారు. 2021 అక్టోబరుకల్లా స్కేలు వస్తుందని ఇళ్ళల్లో లెక్కలు వేసుకున్నారు, ఆ నమ్మకంతో అప్పులు చేసినవాళ్ళూ ఉన్నారు. గడువు దాటింది. 2022 జనవరిలో నల్లబ్యాడ్జీలతో ఆందోళనకు దిగారు. స్కేలు అందుకునేసరికి 2022 జులై అయింది. ఆ తొమ్మిది నెలల మాట వాళ్ళు ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటారు. నువ్వు దాన్ని వెనక్కి తేలేవు, నిజమే. కానీ "ప్రభుత్వం చెప్పిన తేదీకి చెప్పింది ఇవ్వదు" అన్నది సర్వీసులో వాళ్ళు నేర్చుకున్న మొదటి పాఠం. నీ ముందు నిలబడ్డ డిజిటల్ అసిస్టెంటు మొహంలో నీకు నిరాసక్తతగా కనిపించేదానిలో చాలా భాగం ఈ పాఠమే.

ఇప్పుడు వాళ్ళ నెల ఎలా నడుస్తోందో నీకు తెలుసు. 2024 జులై నుంచి పింఛన్లు ఇంటింటికీ తిరిగి ఇస్తున్నది వాళ్ళే. ఒకటో తేదీ పొద్దున్నే బయల్దేరాలి, ఆ రోజు సెలవైతే ముందురోజే. డబ్బు బ్యాంకు నుంచి తెచ్చుకున్న రాత్రి నిద్ర పట్టని ఆడపిల్లలున్నారు. లెక్కలో తేడా వస్తే సొంత డబ్బు వేసుకునేది వాళ్ళే. ఆ పని ముగిసీ ముగియకముందే ఏదో ఒక సర్వే. పశువుల వైద్యం చదివినవాడు జనాభా వివరాలు ఎక్కిస్తుంటాడు, ఇంజనీరింగ్ అసిస్టెంటు ఫోన్ పట్టుకుని గుమ్మం గుమ్మం తిరుగుతుంటాడు. పైగా ఒక్కొక్కరికీ ఇద్దరు యజమానులు: సొంత శాఖవాళ్ళు ఒకవైపు లాగుతారు, మండలం ఇంకోవైపు లాగుతుంది. సర్వేలు ఆపడం నీ వల్ల కాదు. కానీ ఖరీఫ్‌లో పంటల వివరాలెక్కించే ఈ-క్రాప్ నమోదు నడుస్తున్నప్పుడు వ్యవసాయ సహాయకుణ్ణి ఇంకో పనికి పిలవకుండా ఉండటం నీ వల్ల అవుతుంది. వ్యవసాయశాఖ ఏడీఏతో, పశువైద్యాధికారితో ముందే మాట్లాడుకుని, ఎవరు ఏ వారం ఎవరికి కావాలో తేల్చి పెట్టు. మనిషికి తాను చదువుకున్న పని వారంలో రెండురోజులైనా చేతికి దొరికితే మిగతా రోజుల చాకిరీ ఓర్చుకుంటాడు. ఆ రెండురోజులూ లేకపోతే ఎందుకు చదివామా అన్న ప్రశ్న మొదలవుతుంది. పరీక్షల పుస్తకాలు బయటికి వచ్చేది అప్పుడే.

ఇక సర్వీసు పని సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఏమీ అనుకోకు.

నేను సూపరింటెండెంటుగా ఉన్న ఒక ఆఫీసులో ఓ జూనియర్ అసిస్టెంటు ఉండేవాడు. నేను వెళ్ళేసరికే "వాడు పాడైపోయాడు సార్, పనికి రాడు" అని చెప్పారు. పాత ఫైళ్ళు తీసి చూస్తే అతని చేతిరాత, నోట్ ఫైల్ పెట్టిన తీరు చూసి ముచ్చటేసింది. ఆడిట్ పార్టీ వస్తే పేజీ నంబరుతో సహా జవాబు చెప్పినవాడు అలా ఎందుకయ్యాడా అని కూర్చోబెట్టి అడిగాను. అతనికి 12 ఏళ్ళ స్కేలు రావాలి. ప్రమోషన్ లేకుండా ఒకే పోస్టులో ఉండిపోయినవాళ్ళకు 6, 12, 18, 24 ఏళ్ళకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ ఇస్తారు కదా, అందులోది. ఎప్పుడో పాత ఆఫీసులో పెట్టిన ఒక సెలవుకు ఎస్సార్‌లో ఎంట్రీ లేదని ప్రపోజల్ వెనక్కి వచ్చింది. ఆ ఎంట్రీ పాత ఆఫీసువాళ్ళు వేయాలి, వాళ్ళు ఉత్తరాలకు జవాబివ్వరు. ఈ ఆఫీసువాళ్ళకు అది తమ తప్పు కాదు. ఏళ్ళు గడిచాయి. తనకంటే జూనియరు తనకంటే ఎక్కువ జీతం తీసుకోవడం నెల నెలా బిల్లు కట్టేటప్పుడు తన చేత్తోనే రాసేవాడు. నేను ఎస్సార్ సంచిలో వేసుకుని బస్సెక్కి ఆ పాత ఆఫీసుకు పోయి, సెలవు మంజూరు ప్రొసీడింగ్స్ వెతికించి, ఎంట్రీ పడి సంతకమయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాత స్కేలు మంజూరైంది, అరియర్సు వచ్చాయి. అతనేమీ రాత్రింబవళ్ళు పనిచేసే వీరుడైపోలేదు. మళ్ళీ మునుపటి మనిషయ్యాడు. నోట్ ఫైళ్ళు మళ్ళీ అలాగే పెట్టేవాడు.

ప్రభుత్వంలో సిబ్బంది నిలవడం లేదంటే అందరూ రాజీనామాలనే లెక్కపెడతారు. రాజీనామా ఇచ్చి వెళ్ళేవాళ్ళు కొద్దిమందే తల్లీ. ఉద్యోగంలోనే ఉండి మనసు తీసేసుకున్నవాళ్ళు ఎక్కువమంది. వాళ్ళ జీతం రిటైరయ్యేదాకా ప్రజలు ఇస్తూనే ఉండాలి, మన రాష్ట్రంలో ఇప్పుడు ఆ వయసు 62. అలాంటి మనిషి ఒక్కడు తయారైతే నష్టం ఇరవై, ముప్పై ఏళ్ళు నడుస్తుంది. అతన్ని అలా తయారు చేసేది చాలాసార్లు ఒక చిన్న కాగితం. బదిలీ మీద వచ్చినవాడికి పాత చోటి నుంచి ఎల్‌పీసీ (చివరి జీతం సర్టిఫికెట్) రాక రెండు, మూడు నెలలు జీతం ఆగుతుంది. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన అమ్మాయికి ఆ ఆరు నెలల జీతం బిల్లు "చూద్దాం" అంటూ వాయిదా పడుతుంది. పిల్లల సంరక్షణ సెలవు 180 రోజులు ప్రభుత్వం ఇచ్చినా, అడగ్గానే "ఇప్పుడా?" అని మొహం చిట్లించే అధికారులున్నారు. డిపార్ట్‌మెంటల్ టెస్టు పాసైన సంగతి ఎస్సార్‌లో ఎక్కదు. తండ్రికి ఆపరేషనై రీయింబర్స్‌మెంట్ బిల్లు పెట్టుకుంటే చిన్న కొర్రీతో తిరుగుతూనే ఉంటుంది. వీటిలో ఏ ఒక్కదానికీ ప్రభుత్వ విధానం అడ్డు కాదు. మనిషి అడ్డు, బద్ధకం అడ్డు, ఒక్కోచోట చెయ్యి తడపాలన్న ఆశ అడ్డు. మన సిబ్బంది తమ సొంత బిల్లుకు తమ ఆఫీసులోనే డబ్బిచ్చుకోవాల్సి వస్తే, రేపు ఊళ్ళోవాడి దగ్గర చెయ్యి చాచొద్దని వాళ్ళకు నువ్వు ఏ నోటితో చెబుతావు? నీ ఆఫీసులో ఆ అలవాటు ఉందని తెలిస్తే మాత్రం అక్కడ మెత్తగా ఉండకు.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళను మరచిపోకు. పారిశుద్ధ్య కార్మికుడి జీతం పంచాయతీ నిధుల్లోంచి పోవాలి. నిధులుండీ కార్యదర్శి బిల్లు పెట్టక ఆగిపోయే చోట్లు కొన్ని, నిజంగానే ఖాతాలో లేక ఆగేవి కొన్ని. మొదటిది వెంటనే కదిలించు, రెండోదానికి జిల్లాకు రాస్తూనే ఉండు. కాలవ తీసే మనిషికి మూడు నెలలు జీతం లేకుండా స్వచ్ఛత గురించి మీటింగు పెట్టడం అన్యాయం.

సెల్‌ఫోన్ల గురించి నువ్వు అడిగావు. రాత్రి తొమ్మిదింటికి టెలీకాన్ఫరెన్సు, పదింటికి వాట్సాప్‌లో "అర్జెంట్", పొద్దున్న ఆరింటికి "ఎందుకు పెండింగ్?" అని ఎర్రగీత కింద పేర్లు. పైనుంచి నీకు వచ్చేదాన్ని వచ్చినట్టే కిందికి తోసెయ్యకు. నీ దగ్గర కొంత ఆగాలి, అధికారి ఉన్నదే అందుకు. నిజంగా ఆ రాత్రికి కావాల్సిందేదో, మర్నాటి మధ్యాహ్నానికి సరిపోయేదేదో నువ్వు విడదీసి పంపు. వెనకబడ్డ పేర్లు గ్రూపులో పెట్టొద్దు. ఫోన్ చేసి అడుగు, ఎందుకు వెనకబడ్డారో అప్పుడు తెలుస్తుంది. సర్వర్ పనిచేయక ఆగినవాడికీ, అసలు బయటికే కదలనివాడికీ ఒకే మెమో ఇస్తే ఇద్దరిలో చెడేది మొదటివాడే.

నోటిమాట ఆదేశాల జోలికి పోకు. 2013 అక్టోబరు 31న టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు అధికారులు మౌఖిక ఆదేశాల మీద పనిచేయకూడదని, అలాంటివి వస్తే రాతలో నమోదు చేయాలని చెప్పింది. పెద్ద సర్వీసులవాళ్ళ గురించి వచ్చిన తీర్పే అయినా, దాని అవసరం అందరికంటే ఎక్కువ నీ పంచాయతీ కార్యదర్శికి ఉంది. "ఆ బిల్లు కానిచ్చెయ్" అని ఎవరో ఫోన్లో అంటారు, రేపు ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు సంతకం పెట్టిన కార్యదర్శి ఒక్కడే మిగులుతాడు. నువ్వు చెప్పే పని ఏదైనా రెండు వాక్యాలు రాసి నీ సంతకంతో ఇవ్వు. కలెక్టరుగారి వీడియో కాన్ఫరెన్సులో తప్పు బయటపడితే "నేను చూసుకుంటాను సార్" అని నువ్వే నిలబడు. తర్వాత నీ గదిలో తలుపేసి అతన్ని ఎంతైనా మందలించు. నలుగురిలో కాపాడిన అధికారి నాలుగు గోడల మధ్య ఎంత గట్టిగా తిట్టినా సిబ్బంది పడతారు, పైగా అలాంటి అధికారి మాట పోకూడదని పనిచేస్తారు. ఇది నేను కళ్ళారా చూసినది.

హాజరు విషయంలో నీకు ఫేస్ రికగ్నిషన్ యాప్ ఉంది. ఉండనీ, నేను వద్దనను. కానీ దానితో పని జరిగిపోతుందని నమ్మకు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2005లో మొదలైన ఒక ప్రయోగం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పల్లెటూళ్ళ ప్రాథమిక పాఠశాలల్లో చేశారు. పిల్లలు చదువులో ఎంత మెరుగుపడితే టీచర్లకు అంత బోనసు. అది సగటున ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. రెండేళ్ళు గడిచేసరికి ఆ బళ్ళ పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందుకు వెళ్ళారు. అయితే టీచర్ల హాజరు మాత్రం పెరగలేదు! వచ్చిన రోజున పాఠం చెప్పే తీరు మారింది: అదనపు తరగతులు, ఇంటిపని, అభ్యాస పరీక్షలు. అంత చిన్న మొత్తం ఎవరి బతుకూ మార్చదు. తాము చేసిన పని ఫలితాన్ని ఒకరు కొలుస్తున్నారన్నది వాళ్ళను కదిలించి ఉంటుందని నా అభిప్రాయం. బోనసు ఇవ్వడం నీ చేతుల్లో లేదు, చూడటం ఉంది. 2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు "రైతులకు ఫోన్ చేసి అడుగుతాం" అని ముందే చెబితే అక్కడ పంపిణీ కొంత మెరుగైందని ఇంకో అధ్యయనంలో తేలింది. నువ్వూ అలాగే చెయ్యి. నెలకు పదిమంది పింఛనుదారులకు ఫోన్ చేసి మాట్లాడు. మంచి మాట వినిపించిందనుకో, ఆ మాట ఏ సచివాలయం పిల్ల గురించో ఆ పిల్లకు అదే రోజు చేరవెయ్యి. మన ప్రభుత్వంలో ఫిర్యాదు చేరడానికి వంద దారులున్నాయి, మెప్పు చేరడానికి ఒక్కటీ లేదు.

మెప్పు గురించే ఇంకొంచెం. నడిచే ఎద్దునే పొడుస్తారని మన పెద్దలు ఊరికే అనలేదు. మండలంలో బాగా పనిచేసే కార్యదర్శికి పక్క పంచాయతీ ఇన్‌ఛార్జి ఇస్తాం, ఆ తర్వాత ఎన్నికల పని, ఆపైన నోడల్ బాధ్యత. పనిచేయనివాడు హాయిగా ఉంటాడు. రెండేళ్ళలో మొదటివాడికి కూడా జ్ఞానోదయమవుతుంది. ఎవరి మీద ఏయే పనులున్నాయో ఒక కాగితం మీద రాసుకుని చూడు, నీకే ఆశ్చర్యమేస్తుంది. అది పంచు, గొడవైనా పంచు. ఇక ఆగస్టు 15న ఇచ్చే ప్రశంసాపత్రాలు ఆఫీసులో నీ కళ్ళముందు తిరిగేవాళ్ళకే కాక, దూరపు ఊళ్ళో ఎవరి కంటా పడకుండా పనిచేసే ఏఎన్ఎంకీ సర్వేయరుకీ దక్కేలా పేర్లు పంపు. మన ధవళేశ్వరం ఆనకట్ట సంగతే చూడు, అది 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొర పేరు తెలియని ఇల్లు డెల్టాలో లేదు. ఆయన కింద వేలమంది కూలీలను సమకూర్చి పని నడిపించిన వీణెం వీరన్న పేరు కూడా నిలిచింది. ఆ ఘనతలో వీరన్నకు పెద్ద వాటా ఉందని దొరే చెప్పుకున్నాడంటారు, ప్రభుత్వం రాయ్ బహద్దూర్ బిరుదు కూడా ఇచ్చింది. పైవాడు పేరు చెబితేనే కిందివాడి పేరు నలుగురికీ తెలిసేది.

వెళ్ళిపోయేవాళ్ళ సంగతి చివర్న పెట్టుకున్నాను, ఎందుకంటే నీకు దానిమీదే ఎక్కువ దిగులు. ఆపకు. గ్రూప్-2 రాస్తానంటే, డీఎస్సీ రాస్తానంటే ఎన్‌ఓసీ ఆ రోజే ఇవ్వు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడితే బీఈడీ, డీఈడీ ఉన్న పిల్లలు చూస్తూ కూర్చోరు కదా. ఎదగాలనుకోవడం నేరం కాదు, నువ్వూ అలా చదివే ఈ కుర్చీలోకి వచ్చావు. ఎన్‌ఓసీ తొక్కిపెట్టిన అధికారికి దక్కేది మనసు విరిగిన ఉద్యోగి, అంతే. తెలంగాణలో చూడు: 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, 2019లో 15,000 జీతంతో తీసుకున్నారు. మూడేళ్ళ ప్రొబేషన్‌ను నాలుగేళ్ళు చేశారు. జీతం 28,719కి పెంచినా, పర్మనెంటు మాట తేలక 2023 ఏప్రిల్ చివర్లో సమ్మెకు దిగారు. మధ్యలో ఎంతోమంది వదిలేసి పోయారు. వాళ్ళను పంపించింది జీతం ఒక్కటే కాదు. పొద్దున్నే ఊళ్ళో ఫొటో తీసి యాప్‌లో పెట్టడం దగ్గర్నుంచి నర్సరీలో మొక్క ఎండినా నీదే తప్పనే దాకా, బాధ్యతంతా వాళ్ళది, భరోసా మాత్రం ఎవరిదీ కాదు. బయటికి పోయే మనిషిని గౌరవంగా రిలీవ్ చేసి, ఎల్‌పీసీ చేతికిచ్చి, నలుగురిలో ఒక శాలువా కప్పి పంపు. ఉన్నవాళ్ళు అది చూస్తారు. పరీక్ష పోయి తిరిగి సీట్లోకి వచ్చినవాణ్ణి మాత్రం ఎవరూ ఎగతాళి చెయ్యకుండా చూసుకో, ఆ వారం అతనికి కాస్త దగ్గరగా ఉండు.

సోమవారం ఊళ్ళోవాళ్ళ గ్రీవెన్సు ఎలాగూ పెడతావు. నెలకొకసారి, ఒక శుక్రవారం సాయంత్రం, సిబ్బందికీ ఒకటి పెట్టు. అటెండరు నుంచి సూపరింటెండెంటు దాకా ఎవరైనా రావచ్చని నోటీసుబోర్డు మీద రాయించు. వచ్చిన ప్రతి అర్జీకి నంబరివ్వు, రిజిస్టరులో ఎక్కించు, వచ్చే నెల మొదట పాత నంబర్లు చదివించు. నీ వల్ల కానిది ఉంటే కాదని మొహం మీదే చెప్పు, చూద్దామని మాత్రం అనొద్దు. దానికంటే ముందు, ఈ వారమే, నీ ఆఫీసు సిబ్బంది ఎస్సార్లన్నీ టేబుల్ మీదికి తెప్పించుకో. ఒక్కొక్కటి తెరిచి, ఏ ఎంట్రీ లేదో, ఏ ఇంక్రిమెంటు ఆగిందో నీ చేత్తో రాసుకో. పాత జీఓల్లో ఎక్కడైనా చిక్కుపడితే నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా ఫరవాలేదు. మొదటి శుక్రవారం ఎంతమంది వచ్చారో, ఏమడిగారో నాకు తప్పకుండా రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న